తిరగేసి కట్టిన మావు

పోయిన నెల మా పక్కింటి మెట్ల కింద పాము దూరింది. ఏలూరులో కాలవ గట్టుకి దగ్గరగా ఉన్న ఇళ్ళకి ఇదేం కొత్త కాదు. నాలుగు వానలు పడితే ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. పూర్వం అయితే కర్ర కోసం పరిగెత్తేవాళ్ళు, ఇప్పుడు ఫోన్ చేస్తున్నారు. ఫోన్ చేసిన అరగంటకి ఒకతను మోటారు సైకిలు మీద వచ్చి, ఎంతో నెమ్మదిగా, పసిపిల్లని ఎత్తుకున్నట్టు పాముని తీసి చిల్లులున్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టాడు. ఎవరో తొందరపడి చీపురుకట్టతో ఒకటి వేశారట, తోక దగ్గర కమిలింది. దాన్నేం చేస్తారని పక్కింటి అమ్మాయి అడిగితే, దెబ్బ మానేదాకా ఉంచుకుని తర్వాత చేలల్లో వదిలేస్తానన్నాడు. ఎలా ఉంచుతారని అడిగింది. అతను ఓపిగ్గా చెప్పాడు. పెట్టెకి గాలి ఆడాలి, కింద పొడిగా ఉండాలి, దాక్కోడానికి కాస్త చీకటి చోటు కావాలి, బోర్లా పడని గిన్నెలో నీళ్ళు పెట్టాలి, ఒక పక్క వెచ్చగా ఒక పక్క చల్లగా ఉండాలి, నాలుగు రోజులదాకా తిండి పెట్టకూడదు, అస్తమానం ముట్టుకోకూడదు, పాలు అసలే పొయ్యకూడదు. నేను గోడకి ఇవతల నిలబడి ఒక్కొక్కటీ వింటూ తల ఊపుతున్నాను. చివరికి ఉండబట్టలేక, "బాబూ, అది బయటికి పోకుండా చూసుకున్నావు, బానే ఉంది. లోపలికి ఏదీ రాకుండా కూడా చూసుకో నాయనా" అన్నాను. "లోపలికేం వస్తుందండీ మామ్మగారూ?" అని నవ్వాడు. నేను నోరు తెరిచేలోపు బండి వెళ్ళిపోయింది.

ఆ జవాబు నాలోనే ఉండిపోయింది. మా మనవరాలికి చెబితే నోటు పుస్తకం ఒకటి తెచ్చి చేతిలో పెట్టి, రాయి మామ్మా అంది. నేను చదివింది నాలుగో క్లాసు. పుట్టింటికీ మా ఆయనకీ రాసిన ఉత్తరాలు తప్ప ఇంకేమీ రాసి ఎరగను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక రెండు రోజులు తెల్ల కాగితం చూస్తూ కూర్చున్నాను. మూడో రోజు ఎందుకో తుమ్మచెక్క ఉడుకుతున్న వాసన గుర్తొచ్చింది. అక్కణ్ణుంచే మొదలుపెడుతున్నాను.

మాది కొల్లేటిలో ఒక లంక. వానాకాలంలో చుట్టూ నీళ్ళే. అత్తారింటికి వెళ్ళినా, వైద్యుడి దగ్గరికి వెళ్ళినా, కాటికి వెళ్ళినా తాటిదోనె ఎక్కాల్సిందే. మా నాన్న తాడేపల్లిగూడెంలో రైసు మిల్లులో పనికి కుదిరి అమ్మనీ చంటి తమ్ముణ్ణీ తీసుకెళ్ళాడు. నన్ను మాత్రం మామ్మకి తోడని లంకలో ఉంచారు. ఆమెకి నేను తోడో, నాకు ఆమె తోడో ఇప్పటికీ తేలలేదు. ఆ ఇంటి వాసన అంటే తుమ్మచెక్క వాసనే. అప్పట్లో వలలు నూలు దారంతో అల్లేవాళ్ళు. నీళ్ళలో తొందరగా కుళ్ళిపోకుండా ఉండాలని తుమ్మచెక్క పెద్ద కాగులో ఉడికించి, ఆ ఎర్రటి నీళ్ళలో వలలు ముంచి ఆరేసేవాళ్ళు. ఆ వగరు వాసనకి ఎండుచేపల వాసనా, మా మామ్మ చుట్ట వాసనా కలిసేవి. మామ్మది అడ్డపొగ. నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని, చల్లటి వైపు బయటికి ఉంచి పీల్చేది. అలా నోట్లో నిప్పు పెట్టుకునే వల అల్లేది, చేప కోసేది, నన్ను తిట్టేది. ఆమె చుట్ట తీసి చేత్తో పట్టుకుని మాట్లాడిందంటే మాత్రం ఇంట్లో ఏదో పెద్ద విషయం నడుస్తున్నట్టే.

తాత పని మావులు. ఈ కాలం పిల్లలకి మావు అంటే తెలియదు. సన్నటి వెదురు పుల్లలతో పొడుగ్గా అల్లిన బుట్ట అది. నోటి దగ్గర పుల్లలన్నీ లోపలికి వంగి ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. చేప వాటిని తోసుకుని లోపలికి పోతుంది, తిరిగి రాబోతే అవే పుల్లలు అడ్డం పడతాయి. వెనక పక్క తాడుతో కట్టిన మూత ఉంటుంది, చేపలు తీసుకోవడానికి. తాత రోజూ తెల్లారకుండా కిక్కిస గడ్డి దుబ్బుల మధ్య వేసిన మావులన్నీ ఒక్కొక్కటే ఎత్తి చూసేవాడు. ఎత్తేముందు వంగి, తలుపు తట్టి పిలిచినట్టు, "ఉన్నావా?" అనేవాడు. అదొక అలవాటు. నేను బడి లేని రోజుల్లో దోనెలో ముందు కూర్చుని, లోపల్నుంచి చేప ఏమంటుందా అని చెవులు రిక్కించి వినేదాన్ని.

మాకు ఆ ఏడు వచ్చిన కష్టం ఎలకలు. వరదకి పొలాల్లో కన్నాలు మునిగి ఎలకలన్నీ లంకలోకి, లంకలోంచి ఇళ్ళలోకి ఎక్కాయి. వలల్లో చేప వాసన ఉంటుంది కదా, అటక మీద పెట్టిన వలలన్నీ కొరికేశాయి. మామ్మ వేసవంతా కూర్చుని అల్లిన కొత్త వల ఒకరోజు దింపి చూస్తే మధ్యలో నేను దూరిపోయేంత కన్నం. మామ్మ ఏడవలేదు. ఆ కన్నంలోంచి నన్నూ తాతనీ మార్చి మార్చి చూసింది. ఆ చూపు కన్నా ఏడిస్తేనే బాగుండేది.

ఆ వారంలోనే, ఒక ముసురు పట్టిన ఉదయం, తాత ఏడో మావు దగ్గర వంగి "ఉన్నావా?" అని ఎత్తాడు. చేపల చప్పుడు లేదు. పుల్లల సందుల్లోంచి చూస్తే లోపల తాడు చుట్టలా ఏదో ఉంది. తాడుకి కళ్ళున్నాయి. నేను "పాము! పాము!" అని లేచి నిలబడితే దోనె ఊగిపోయింది.

"కూచో బుల్లెమ్మా, పాము కరవకముందే మనం మునిగిపోయేలా ఉన్నాం" అన్నాడు తాత. దగ్గరికి పెట్టుకుని పరీక్షగా చూశాడు. "కట్లపాము కాదు, పింజరి కాదు. జెర్రిపోతు పిల్ల. విషం లేదు దీనికి."

రెండు మూరలుంటుందేమో. చేపల వెనకాల దూరి బయటికి రాలేక, పుల్లలకి రాసుకుని రాసుకుని నడుం దగ్గర చర్మం లేచిపోయింది. నోరు తెరుచుకుని ఆయాసపడుతోంది. మామూలుగా పాము పడితే వెనక మూత విప్పి నీళ్ళలోకి దులిపేస్తారు. తాత మూత మీద చెయ్యి వేసి ఆగాడు. కిక్కిస మీద నాలుగు కొంగలు నిలబడి మావైపే చూస్తున్నాయి.

"ఈ దెబ్బతో వదిలితే వాటికి ఫలహారమే" అన్నాడు.

"ఇంటికి తీసుకుపోదాం తాతా."

"మీ మామ్మ దీంతోపాటు నన్ను కూడా దోనెలోనే ఉండమంటుంది."

"జెర్రిపోతు ఎలకల్ని తింటుందని నువ్వే కదా చెప్పావు!"

తాత మావుని దోనెలో పెట్టాడు. తర్వాత గడ అందుకున్నాడు. "ఆ మాట మీ మామ్మతో నువ్వే అను. నేనంటే వినదు" అన్నాడు.

మామ్మ అరుగు మీద చేపలు ఏరుతోంది. మావు కింద పెట్టగానే వంగి చూసి, నోట్లోంచి చుట్ట తీసింది.

"ఏవండోయ్! చేపలకని వెళ్ళి పాముని తెచ్చారా? పులుసు పెట్టమంటారా, వేపుడు చెయ్యమంటారా?"

"ఎలకల్ని తింటుంది మామ్మా. వలలకి కాపలా ఉంటుంది" అన్నాను తాత వెనకనుంచి.

"కాపలాదారు కళ్ళు తేలేసి ఉన్నాడు కదే! వాడికే ఎవరో ఒకరు కాపలా ఉండాలి." అంతలో పక్కింటి సూరమ్మ పరిగెత్తుకొచ్చి, లెంపలు వేసుకుని దణ్ణం పెట్టింది. చంపకండి అత్తా, పాపం అంది. మామ్మ ఆమెనీ, పామునీ, నన్నూ చూసి ఆలోచించింది. ఆ చూపు అటక వైపు ఒకసారి వెళ్ళొచ్చింది. "సరే. దీపావళి అమావాస్య దాకా చూస్తాను. ఈలోగా దెబ్బ మాని, దాని నోటితో అది తిని లేచి తిరిగిందా, అటకెక్కనిస్తా. లేదా, అమావాస్య వెళ్ళేలోగా ఎక్కణ్ణుంచి తెచ్చారో అక్కడే దింపి రావాలి. దాని పనంతా ఈ పిల్లదే. నేను మాత్రం ముట్టుకోను." వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాను. ఇరవై రెండు రోజులుంది. కొంగలు నాలుగూ కళ్ళ ముందు నిలబడ్డాయి.

వేరే పెట్టె ఎక్కడిది మాకు? వచ్చిన మావులోనే ఉంచాం. తాత అన్నాడు కదా, "మావులోంచి బయటికి పోయిన జీవి ఇంతవరకూ లేదు. ఇంతకన్నా గట్టి ఇల్లు రాజుగారికి కూడా ఉండదు" అని. పుల్లల మొనలు మళ్ళీ గీసుకోకుండా కత్తితో చెక్కి నున్నగా చేశాడు. అడుగున ఎండుగడ్డి పరిచాడు. అంచు విరిగిన చట్టి ఒకటి బోర్లించి, అది పాము పడగ్గది అన్నాడు. "ప్రాణభయంలో ఉన్నదానికి అన్నం కన్నా ముందు నక్కడానికి చోటు కావాలి బుల్లెమ్మా." బరువైన రాతి గిన్నెలో నీళ్ళు పెట్టాడు. మావుని వంటింటి గోడ పక్కన, ఒక కొస పొయ్యి వెచ్చదనానికీ ఒక కొస చల్లటి వైపుకీ ఉండేలా పెట్టించాడు. "చలేస్తే అటు జరుగుతుంది, ఉక్కపోస్తే ఇటు జరుగుతుంది. దానికేం కావాలో దాన్నే చూసుకోనీ." రోజూ నీళ్ళు మార్చడం, మురికైన గడ్డి చీపురుపుల్లలతో తీసెయ్యడం, తర్వాత బూడిదతో చేతులు తోముకోవడం నా పని. చేతులు తోముకోకుండా కంచం దగ్గరికి వస్తే మామ్మ గరిటె చూపించేది. మూడు రోజులదాకా తిండి పెట్టొద్దన్నాడు తాత, భయం తగ్గనిదే ఏదీ అరగదట. నాకేమో ఆకలి అంటే ఏమిటో తెలుసు కాబట్టి, ఆ మూడు రోజులూ నేను తిన్న ప్రతి ముద్దా పాము చూస్తున్నట్టే ఉండేది.

రెండో రోజే సూరమ్మ చిప్పతో పాలు తెచ్చి మావులోకి ఒంపేసింది. తాత వచ్చి చూసి తల పట్టుకున్నాడు.

"ఇది జెర్రిపోతు సూరమ్మా. నాగదేవత ఎక్కడిది?"

"నాగుపాముకి జెర్రిపోతు మొగుడంటారు కదండీ మావయ్యా! ఆమెకి పోసి ఈయనకి పొయ్యకపోతే బాగుంటుందా?"

పాము పాల వంక చూడను కూడా చూడలేదు. చీమలు చూశాయి. సాయంత్రానికి మావు చుట్టూ బారులు తీరాయి. దెబ్బ దగ్గరికి చీమలు చేరితే పాము బతకదని తాత మావులోని గడ్డి అంతా తీసి పారేసి, మావుని చిన్న బల్ల మీదికి ఎక్కించి, బల్ల కాళ్ళ కింద నీళ్ళు పోసిన కొబ్బరి చిప్పలు పెట్టాడు. నాలుగో రోజు బోనులో పడ్డ చిట్టెలకని తాత ఒక్క దెబ్బతో చంపి, వెదురు పటకారుతో అందించాడు. ఎందుకు చంపావు తాతా, అదే చంపుకుంటుంది కదా అంటే, "మంచాన పడ్డవాడితో కుస్తీ పట్టించకూడదమ్మా, ఎలక్కి కూడా పళ్ళుంటాయి" అన్నాడు. ఆ మాట అప్పుడు నా చెవికెక్కలేదు. పాము ముందు కదల్లేదు. మేము పక్కకి తప్పుకుని తలుపు సందులోంచి చూస్తుంటే, నాలుక ఆడించి, మెల్లగా నోరు తెరిచి, తల దగ్గర మొదలుపెట్టి మింగేసింది. నేను ఎగిరి గంతేశాను. తిన్నాక రెండు రోజులు దాని జోలికి పోవద్దన్నాడు తాత, కదిలిస్తే కక్కేస్తుందట. మామ్మ మాత్రం "తింటే చాలదు, దెబ్బ మానాలి" అని చుట్ట నోట్లో పెట్టుకునే గొణిగింది. కానీ ఆ రోజు నుంచి బోనులో ఎలక పడితే నాకంటే ముందు ఆమే పిలిచేది.

దీపావళి ఇంకో ఆరు రోజులుందనగా తాత ఎండుచేపల బుట్టలతో గుండుగొలను దాకా దోనెలోనూ, అక్కణ్ణుంచి బండి మీద ఏలూరూ వెళ్ళాడు. వెళ్ళిన రోజు నుంచే పాము వేరేగా అయిపోయింది. చట్టి కింద నుంచి బయటికి రాదు. ఒంటి రంగు బూడిద కొట్టుకుపోయింది. కళ్ళు చూద్దును కదా, పాలు కలిపినట్టు నీలంగా, మసగ్గా! ఎలక పిల్లని అందిస్తే తల తిప్పేసుకుంది. గుడ్డిదైపోయింది అనుకున్నాను. తాత లేడు, మామ్మకి చెబితే ఇవాళే దోనెక్కించమంటుంది. ఎలా తినిపించడం? లంకలో పుట్టినదాన్ని, నాకు తెలిసింది ఒక్కటే. జ్వరమొచ్చి నోరు చేదెక్కినా, ఎవరు అన్నం వద్దన్నా, ఎండుచేప ముక్క కాల్చి పక్కన పెడితే ఆ వాసనకి తినేవాళ్ళు మా ఇంట్లో. ఆ సాయంత్రం బొగ్గుల మీద ఎండు పరిగ చేప ముక్క ఒకటి కాల్చి, మామ్మ చూడకుండా మావులో పడేసి పడుకున్నాను.

పొద్దున్నే వెళ్ళి చూస్తే మావులో రెండు జీవులున్నాయి. పిల్లిపిల్లంత ఎలక, నేను పెట్టిన ఎండుచేపని రెండు కాళ్ళతో పట్టుకుని తింటోంది. పాము ఒక మూలకి నొక్కుకుని ఉంది. దాని వీపు మీద రెండు చోట్ల నెత్తురు. నాకు ఒక్కసారిగా అర్థమైంది. మావు నోరు ఎప్పుడూ తెరిచే ఉంది. మేము చేపలు పట్టే వాళ్ళం. లోపలున్నది బయటికి పోకపోతే చాలు మాకు. బయటిది లోపలికి రావడమే కదా మావుకి కావలసింది! ఎర కూడా నా చేత్తో నేనే వేశాను.

నా అరుపుకి మామ్మ వచ్చింది. ముట్టుకోనన్న మనిషి, వెనక మూత విప్పి పొయ్యి ఊదే గొట్టంతో ఎలకని ఒక్క పోటు పొడిచింది. అది మామ్మ భుజం మీదుగా దూకి సూరమ్మ దొడ్లోకి పోయింది. అక్కడ సూరమ్మ వేసిన కేక అవతలి లంక దాకా వినిపించి ఉంటుంది. నేను ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేశాను.

"ఎండుచేప పెట్టావా? పామేమైనా మీ తాతటే?" అంది మామ్మ. మావు దగ్గర చతికిలబడి, మొదటిసారి దాని మొహంలోకి చూసింది. చుట్ట తీసింది. "ఒసే బుల్లీ, ఇలా రా. దీని కళ్ళు ఎన్నాళ్ళనుంచి ఇలా ఉన్నాయి?"

"మొన్నట్నుంచి. గుడ్డిదైపోయింది మామ్మా."

"గుడ్డీ లేదు గిడ్డీ లేదు. కుబుసం విడవబోతోంది. మా పుట్టింట్లో గడ్డివాము కింద చూసేదాన్ని, చిన్నప్పుడు. ఈ నాలుగు రోజులూ దానికి కళ్ళు కనపడవు, తిండి సయించదు. పురిటి నొప్పులు పడుతున్నదాని ముందు మీరేమో కంచాలు మార్చి మార్చి పెడుతున్నారు!"

పురుడు అన్న మాట ఆమె నోట రాగానే ఆ ఇల్లు మామ్మ చేతికి వెళ్ళిపోయింది. లంకలో సగం మందికి పురుడు పోసింది ఆమే. మావు నోరు గోనెపీలికలతో గట్టిగా కుక్కింది. కోడి ఈకతో గాట్ల మీద పసుపు నీళ్ళు అద్దింది. గోనెపట్టాతో మావు చుట్టూ చీకటి చేసింది. ఒక మూల తడి గోనెముక్క పెట్టి, పొడిగా ఉంటే పాత చర్మం ఊడి రాదంది. పెద్ద మూకుడుతో నీళ్ళు పెట్టింది. ఎవరూ తొంగి చూడకూడదంది. సూరమ్మ గుమ్మంలోకి వస్తే, "బాలింతని చూడ్డానికి పదకొండో రోజున రావాలమ్మా, ఇప్పుడు కాదు" అని పంపేసింది.

తాత తిరిగొచ్చి సంగతి విన్నాడు. నేను దెబ్బలకి సిద్ధపడి నిలబడ్డాను. ఆయన నా పక్కన కూర్చుని, మావు పుల్లల మీద వేలితో తడుముతూ, "దీన్ని తప్పించుకుని పోయింది లేదని గొప్పలు పోయింది నేను. వచ్చేదాన్ని చూడనిది నేను. నువ్వు చేప ముక్క పెట్టావు, మావు దాని పని అది చేసింది" అన్నాడు. అంతే. తర్వాత ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

అమావాస్య పొద్దున గోనెపట్టా ఎత్తడానికి నాకు ధైర్యం చాలలేదు. తాతే వంగి, "ఉన్నావా?" అని పట్టా తీశాడు. పుల్లలకి చుట్టుకుని తెల్లగా, పల్చగా, ప్రాణం లేకుండా వేలాడుతోంది. చచ్చిపోయిందని నేను ఏడుపు అందుకున్నాను. "అది చొక్కానే పిచ్చిదానా, మనిషి ఇక్కడున్నాడు చూడు" అంది మామ్మ. చట్టి వెనక నుంచి తల బయటికి వచ్చింది. నూనె రాసిన నల్లతుమ్మ చేవలా మెరిసిపోతోంది. కళ్ళు నల్లగా, గుండ్రంగా, నన్నే చూస్తున్నట్టున్నాయి. నడుం దగ్గరి పాత దెబ్బ పాత చర్మంతోనే పోయింది. ఎలక గాట్లు రెండూ ఆవగింజలంత మిగిలాయి.

కానీ తినాలి కదా. తాత ఎలక పిల్లని అందించాడు. వాసన చూసి ఊరుకుంది. మధ్యాహ్నం అయింది. గారెల పిండి రుబ్బుతూ మామ్మ, రుబ్బురోలు దగ్గర కూర్చుని నేను, ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయాం. సాయంత్రం ప్రమిదల్లో వత్తులు వేస్తున్నాం, అప్పటికీ తినలేదు. తాత లేచి గడ అందుకున్నాడు.

"ఎక్కడికి?" అంది మామ్మ.

"నువ్వు పెట్టిన గడువే కదా."

"అమావాస్య వెళ్ళేలోగా అన్నాను. రేపు పొద్దెక్కేదాకా ఉంది అమావాస్య. పంతులుగారినడుగు, కావాలంటే." ఏ పంతులుగారూ ఆమెకి ఆ మాట చెప్పలేదని మా ముగ్గురికీ తెలుసు. మర్నాడు పొద్దెక్కకుండానే ఎలకపిల్ల లేదు, పాము పొట్ట దగ్గర చిన్న ఉబ్బు ఉంది. "చెప్పానా, ఘడియలు చూసుకుని తింటుందని" అంది మామ్మ.

ఇక అటక మీదికి ఎక్కించడం. చేత్తో తీసుకెళ్ళి వదిలేద్దామన్నాను. తాత ఒప్పుకోలేదు. "మనం పెట్టిన చోట ఉండదు బుల్లెమ్మా. దానంతట అది దిగాలనిపించి దిగితేనే ఆ చోటు దానిదవుతుంది." అలాగని మూత తెరిచి పెడితే మళ్ళీ ఎలక దూరుతుందేమోనని భయం. తాత మావుని ఒళ్ళో పెట్టుకుని కూర్చుని, నోటి దగ్గరి కట్లన్నీ ఒక్కొక్కటే విప్పాడు. లోపలికి వంగి ఉన్న పుల్లల గొట్టాన్ని ఊడదీసి, తిరగేసి, బయటికి చూసేలా పెట్టి మళ్ళీ కట్టాడు. ఇప్పుడు లోపలున్నది ఎప్పుడు కావాలంటే అప్పుడు తోసుకుని బయటికి పోవచ్చు. బయటిది మాత్రం లోపలికి రాలేదు. అరవయ్యేళ్ళుగా మావులు కట్టిన చేతులు అవి. ఆ పని చేస్తున్నంతసేపూ అవి తడబడుతూనే ఉన్నాయి. కట్టడం పూర్తయ్యాక తనే చూసుకుని నవ్వుకున్నాడు. అటక మీద వలల పక్కన పెట్టి వచ్చాడు. రోజూ పొద్దున్నే నిచ్చెన ఎక్కి "ఉన్నావా?" అనడం, ఉందని దిగి రావడం.

నాగులచవితి నాడు సూరమ్మ తలారా స్నానం చేసి, తడి చీరతో, పాలూ నువ్వుల చిమ్మిలీ పట్టుకుని వచ్చింది. పుట్ట దాకా ఎందుకండీ, మీ ఇంట్లోనే ఉన్నాడు కదా స్వామి అంది. "ఈసారి చీమల్ని కూడా పిలిచావా?" అంటూనే తాత నిచ్చెన ఎక్కి "ఉన్నావా?" అన్నాడు. తర్వాత ఖాళీ మావు పట్టుకుని దిగాడు.

"స్వామి బయటికి వెళ్ళాడు సూరమ్మా."

సూరమ్మ మావుని అటూ ఇటూ తిప్పి చూసింది. నోరు చూసి బుగ్గ నొక్కుకుంది. "ఇదేం మావండీ మావయ్యా! చేపల్ని బయటికి సాగనంపడానికా? ఈ ఇంట్లో అత్త చుట్ట తిరగేస్తే మీరు మావు తిరగేశారు. ఈ పిల్ల పెద్దయ్యాక ఏం తిరగేస్తుందో!" చిమ్మిలి మాత్రం వెనక్కి తీసుకెళ్ళలేదు. నేనూ తాతా అరుగు మీద కూర్చుని మొత్తం తినేశాం. నాకు ఏడుపు రాలేదు. కళ్ళు మాత్రం అటక మీదే ఉన్నాయి.

ఆ తర్వాత వలలకి ఒక్క కన్నం పడలేదు. వేసవిలో దింపి చూస్తే, మామ్మ కొత్త వల మడతల మధ్య కుబుసం ఉంది. నేను పక్కన పడుకుని కొలుచుకుంటే నాకంటే పొడుగుంది. మామ్మ దాన్ని తీసి పారెయ్యలేదు. మడత పెట్టి, నా చిన్నప్పటి చొక్కాలు దాచిన పెట్టెలో పెట్టింది. తిరగేసిన మావుని తాత మళ్ళీ మామూలుగా కట్టలేదు. చూరుకి వేలాడుతూ ఉండేది. వచ్చినవాళ్ళందరూ నవ్వేవాళ్ళు, తాత కూడా వాళ్ళతో నవ్వేవాడు.

ఇప్పుడు కొల్లేరంతా చేపల చెరువులు. కిక్కిస దుబ్బులు కనపడవు. నైలాన్ వలలు వచ్చాయి, ఎలకలకి కూడా రుచించవు. తుమ్మచెక్క ఉడికించేవాళ్ళు లేరు, అటకలున్న ఇళ్ళు లేవు. మావు అంటే మా మనవరాలు ఫోన్‌లో బొమ్మ వెతికి చూసింది, దొరకలేదు. అయినా నాకేం బెంగ లేదు. ఆ రోజుల్లో సగం మంది పాముకి పాలు పోసేవాళ్ళు, మిగతా సగం మంది కర్ర పట్టుకునేవాళ్ళు. ఇప్పుడు మోటారు సైకిలు మీద వచ్చి చిల్లుల పెట్టెలో పెట్టుకుని, మానేదాకా ఉంచి వదిలేసేవాళ్ళు ఉన్నారు. మా తాతకి ఈ సంగతి తెలిస్తే ఆ కుర్రాణ్ణి కూర్చోబెట్టి చిమ్మిలి పెట్టేవాడు.

నిన్న అతను మళ్ళీ మా వీధిలోకి వచ్చాడు. నేనే పిలిచి అడిగాను, ఆ పాము ఏమైందని. దెబ్బ మానిందండీ మామ్మగారూ, చేలల్లో వదిలేశాను అన్నాడు. ఎలా వదిలావని అడిగితే, పెట్టె మూత తీసి పక్కకి పడుకోబెట్టి, దూరంగా నిలబడ్డానన్నాడు. గంటసేపు రాలేదట, తర్వాత దానంతట అదే వెళ్ళిందట. అంతసేపు ఎందుకు నిలబడ్డావు నాయనా, దులిపేస్తే పోయేది కదా అన్నాను, కావాలనే. అతను కాస్త సిగ్గుపడ్డాడు. "ఏమోనండీ. మధ్యమధ్యలో దగ్గరికెళ్ళి వంగి, ఉన్నావా అని చూస్తూ ఉండిపోయాను" అన్నాడు.